ఊఁ

రాత్రి పదకొండు. బెళ్ళందూరు, నాలుగో అంతస్తు.
చెరువు నురగ వాసన ఏసీలోంచి కూడా వస్తోంది.
గోడ మీది తెరల్లో ఊరి తీగలన్నీ పచ్చగా ఉన్నాయి.
నేను ఫోన్లో కథ చెబుతున్నాను.
జయనగరలో, దుప్పట్లోంచి, చిత్కళ ఊఁ కొడుతోంది.

అనగనగా ఒక నక్క.
ఊఁ.
దానికి తోక లేదు.
ఊఁ.

కొత్తగా చేరిన మునిరత్నకి సాయంత్రం ఇదే చెప్పాను,
టీసీపీ అంటే ఇంతే నాయనా:
ఊఁ వినపడితేనే కథ ముందుకి,
లేకపోతే అదే వాక్యం మళ్ళీ.
మొదలెట్టే ముందు కూడా
ఉన్నావా?
ఉన్నా, నువ్వున్నావా?
ఉన్నా, విను.
దారి కిక్కిరిస్తే తప్పు తనదేననుకుని
నడక సగానికి తగ్గించుకుంటుంది
(మా మేనత్త ఒకామె అచ్చం ఇలాగే),
మళ్ళీ అడుగు అడుగే పెంచుకుంటుంది.
ఒక్క మాట జారిపడిందా,
వెనకొచ్చినవన్నీ సిల్క్ బోర్డు దగ్గర బస్సులే.

మరి యూడీపీ?
పొద్దున్న ఆరింటికి మా వీధిలో
సొప్పూ... అని కేకేసుకుంటూ పోయే మాదమ్మ.
ఎవరు లేచారో చూడదు, ఆగదు,
విననివాళ్ళ కోసం వెనక్కి రాదు.
మెంతికూర వాడిపోకముందే నాలుగు వీధులు తిరగాలి.
నిన్నటి కేక ఇవాళ తెచ్చిస్తే ఎవరికి కావాలి?

ఇద్దరూ నడిచేది ఒకటే రోడ్డు.
ఆ రోడ్డు ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

"క్విక్?" అన్నాడు మునిరత్న, టీ ఊదుకుంటూ.
అది మాదమ్మ బుట్టలోనే వెళుతుంది,
ఊఁలు మాత్రం అడుగున, సీలు వేసి.
పైన మల్లెమూరలు వేటికవే:
ఒకటి తెగిందని మిగతావి ఆగవు.
ఒకసారి పలకరించిన ఇంట్లో
రెండోసారి గుమ్మం దాటుతూనే మాట మొదలెడుతుంది.
మెట్రో దిగి ఆటో ఎక్కినా ఆ మాట తెగదు.

ఇంత చెప్పి
నా కథ నేను మాదమ్మ దారినే పంపుతున్నాను.
గొంతులన్నీ అలాగే పోతాయి;
ఆలస్యంగా వచ్చిన అక్షరం కథకి అడ్డం.
అందుకే ఆ ఊఁ తీగది కాదు, మాది.
తీగ అడగని రసీదు
ఆరేళ్ళ పిల్ల ముక్కుతో ఇస్తోంది.

నక్క తోక వెతుక్కుంటూ కోరమంగళ దాకా వెళ్ళింది.

వెళ్ళిందా, చిత్కీ?

నిద్రపోయిందో,
ఊఁ దారిలో ఏ గుంటలోనో పడిందో.
తెరలు పచ్చగానే ఉన్నాయి.
ఇంకో వాక్యం చెప్పాను, ఊరికే.

చెవిలో సన్నగా గాలి చప్పుడు.
దాని ఊపిరే అనుకుంటాను.
అవతల నిశ్శబ్దమైతే, తెగిపోయిందని మనం జడుసుకోకుండా
ఫోనే అలాంటి చప్పుడొకటి అల్లి వినిపిస్తుందని
ఈ ఆఫీసులో అందరికన్నా నాకే బాగా తెలుసు.

టీసీపీ అయితే
వెళ్ళొస్తానన్నాక కూడా గుమ్మంలో కాసేపు నిలబడుతుంది,
ఆఖరి మాట అందిందో లేదోనని.

నేనింకా కట్ చెయ్యలేదు.