మొదటి నెల రిపోర్టు

నౌపడాలో బండి మారాం.
ఐదుగురం, పదకొండు సంచులు, ఒక హార్మోనియం.
పాలకొల్లు సంఘం స్త్రీలు
ఎసట్లో పోసేముందు పూటపూటా తీసి దాచిన
పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు
జేబురుమాలులో ముడేసి నా రవికెలో.

పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు.
అయినా పర్లాకిమిడి దాటేసరికి
కొట్ల బోర్డుల మీద అక్షరాలన్నీ
గుండ్రటి గొడుగులేసుకుని నిలబడ్డాయి.
ఇరవై ఆరేళ్లదాన్ని, బీఎస్సీ నర్సింగు,
ఒక్క నిమిషంలో చదువురానిదాన్నయ్యాను.

గుణుపురం అవతల జీపు ఆగిపోయింది.
రోడ్డు అంతకు ముందే ఆగిపోయింది.
నెహెమ్యా హార్మోనియాన్ని నెత్తికెత్తుకుంటే
అడుగడుక్కీ అది మూలిగింది.
మా నుంచి ఆ కొండ విన్న
మొదటి కీర్తన అదే.

సత్యానందం అయ్యగారు
కటకంలో ఆర్నెల్లు కూర్చుని నేర్చిన ఒడియా
ఆ ఊళ్లో ఎవరింటి భాషా కాదు.
వాళ్లది సవర. నీళ్లంటే డా.
సంతకెళ్లినప్పుడు మాత్రం ఒడియా,
మాతో మాట్లాడ్డానికీ అదే, సంత భాష.
అందులో కాలి అంటే రేపు.
కాలి అంటే నిన్న కూడా.
మాకు కాలి అంటే చెప్పుల్లో ఇరుక్కున్న పాదం,
బొబ్బలెక్కి.

సంఘం అచ్చేయించి ఇచ్చిన ఫారం ఉంది:
దర్శించిన గృహములు.
పంచిన కరపత్రములు.
వైద్యము పొందినవారు.
ప్రభువును తెలిసికొన్నవారు.
మొదటి వారం ఫారాన్ని బైబిల్లో పెట్టి
బైబిల్ని దిండు కింద పెట్టి
నిద్ర పట్టక పడుకున్నాను.

పంచిన కరపత్రాలు నలభై.
పుచ్చుకున్నది అంబాయి మేక.
దాన్ని వెతుక్కుంటూ వచ్చిన అంబాయి
నమిలిన కాగితాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి
గోడకి చేరగిలబడి నవ్వింది.
మర్నాడు చోడి అంబలి తెచ్చింది.
షారోను ఒక గుక్క తాగి పంచదార అడిగింది.
మళ్లీ నవ్వింది.
అడ్డాకులు ఈనెపుల్లతో కుట్టడం
నాకు మూడుసార్లు చూపించి
నాలుగోసారి నా చేతిలోంచి లాక్కుంది.

మందుల పెట్టె తెరిచి
రోజూ ఉదయం గుమ్మంలో కూర్చునేదాన్ని.
ఎవరూ రాలేదు.
పద్దెనిమిదో రోజు చలి వచ్చింది, నాకు.
నా వేలు నేనే గుచ్చుకుని చూశాను:
రెండు గీతలు.
పెట్టెలో ఆ మాత్రలు తప్ప అన్నీ ఉన్నాయి.

మంచం తిరగేసి, కర్రలు కట్టి
లూద్రూ, అతని బావమరిదీ మోశారు.
దారంతా ఇద్దరూ గొంతెత్తి వాదించుకున్నారు.
మరణవాక్యం అనుకున్నాను,
నన్నెక్కడ పూడ్చాలోనని.
నూట ఇరవై ఒకటో కీర్తన మొదలుపెట్టి
కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, అక్కడే ఆగిపోయాను;
ఎటెత్తినా కొండలే, అన్నీ తిరుగుతున్నాయి.
తర్వాత అంబాయి చెప్పింది,
అది చింతపండు బాకీ గొడవట.
వాగు దగ్గర దింపినప్పుడు కూడా తెగలేదట.

ఆసుపత్రి మెట్ల దగ్గర
వణుకుతూ జేబురుమాలు తీసిచ్చాను.
లూద్రు ముడి విప్పాడు.
బీడీలకని పది రూపాయలు తీసుకుని
తక్కింది నా ముందే లెక్కపెట్టి
నేను వేసినదానికన్నా గట్టిగా ముడేశాడు.
విప్పడానికి పళ్లు వాడాల్సొచ్చింది.

నెలాఖరున ఫారం నింపాను.
దర్శించిన గృహములు: లోపలికి రమ్మన్నది ఒకటి.
వైద్యము పొందినవారు: ఒకరు.
పేరు అన్న గడిలో నా పేరు.
ఆఖరి గడి దగ్గర కలం చాలాసేపు ఆగింది.
ఖాళీ వదిలాను.
అయ్యగారు చదివి, కళ్లజోడు తీసి, తుడిచి,
మళ్లీ పెట్టుకుని సంతకం చేశారు.
ఏమీ అనలేదు.
అనుంటే బాగుండేది.

హార్మోనియంలో ఎలుక పిల్లల్ని పెట్టింది.
ఆదివారం దాన్ని ముట్టుకోలేదు,
చప్పట్లతో పాడాం.
గుమ్మం బయట, ఎండలో,
అంబాయి ఆకులు కుడుతూ కూర్చుంది.
లోపలికి రాలేదు, లేచి పోలేదు.
పోయేటప్పుడు మేకని అదిలిస్తూ
కాలి, అంది.
రేపొస్తానందో, నిన్ననే వచ్చేశానందో.