గడి లేని లెక్క

కొల్లిపర దాటాక, కాలవ గట్టున
సుబ్బరత్నమ్మ తోటలో చెట్లు లెక్కడుతున్నాడు సర్వేయరు.
సపోటా ముప్పైనాలుగు. జామ పదకొండు.
నిమ్మ, ఎండినవి రెండు తీసేస్తే, ఆరు.
మామిడి ఒకటే, ముసలిది.

"నా దొండపాదు కూడా రాసుకో బాబూ,"
కంచె మీంచి మస్తాన్‌బీ.
"పూత పిందయ్యేది ఈ తోట తేనెటీగల వల్లేగా."

గూబ సంగతెత్తాడు కౌలు ఏసోబు:
మామిడి తొర్రలో అది చేరిన్నాటి నుంచి
తన చేలో ఎలుకబుట్ట పెట్టలేదట.

బావికి ఏప్రిల్లోనూ రెండు బారల తాడు చాలు.
పక్క వెంచర్లో బోరు మూడుసార్లు దించారు.

కాగితం తిప్పి తిప్పి చూశాడు.
కాయకి గడి ఉంది, కలపకి ఉంది.
ఈగకి లేదు.

"పైవాళ్లకి చెప్తాలెండి" అని
బండి దగ్గరికి నడిచాడు.
పొద్దున వచ్చీరాగానే
నీడ వెతికి మరీ పెట్టుకున్న బండి.
మిట్టమధ్యాహ్నం. సీటు చల్లగా ఉంది.