లోటు రెండొందల పన్నెండు

కొల్లాబత్తుల ఏసుపాదం ఖాతా పుస్తకం
ఇప్పుడు నా దగ్గరుంది.
ముందునుంచి ఐసు ఫ్యాక్టరీ లెక్కలు,
వెనకనుంచి మా గోల లెక్కలు.
రెండూ ఎదురుపడే చోట ఒక పేజీ
తడిసి అతుక్కుపోయింది.
నేను విడదియ్యలేదు.

నరసాపురం రోడ్డులో, లాకులు దాటాక,
రొయ్యల లారీలు ఆగే చోట ఆ షెడ్డు.
ఆదివారం కరెంటు తీసేస్తే
ఓనరుకి నిద్ర, మాకు జనరేటరు.
డీజిలు ఆరొందల నలభై.
మైదా ముప్పై, జిగురుకి.
పోస్టరంటే రొయ్యల మేత సంచి తిరగేసి
తారుతో రాసిన మూడు బ్యాండ్ల పేర్లు:
తెల్లమచ్చ, లస్కర్లు, కరెంటు కోత.
మూడోది చదివి వీధి వీధంతా
ముందురోజే పిండి రుబ్బేసుకుంది.

తెల్లమచ్చ మాది.
"రొయ్యల్ని చంపే జబ్బు పేరు పెట్టుకుంటారట్రా?"
కాటా దగ్గర మా నాన్న.
"జబ్బు మాది కాదు బాబాయ్,
పేరొక్కటే మాది" అన్నాడు పాదం.

పాదానికి గిటారు చర్చిలో వచ్చింది.
మూడు కార్డులు నేర్పి, నాలుగోది నేర్పేలోపు
పాస్టరుగారు వెళ్ళగొట్టారు,
సౌండు తగ్గించమంటే పెంచాడని.
"మూడు చాల్లే" అనేవాడు.
"గోదారికి పాయలెన్నున్నా
మన చేలోకొచ్చేది ఒక్క బోదేగా."

నేను డ్రమ్ములు.
బ్యాండు మేళంలో పెద్ద డోలు మోసిన భుజం నాది.
అన్ని పెళ్ళిళ్ళలో ఒక్కరూ నా మొహం చూళ్ళేదు.
షెడ్డులో మొదటిరోజు పదకొండు మంది చూశారు.
ఇద్దరు లారీ క్లీనర్లు,
ఎనిమిది మంది పాలిటెక్నిక్ కుర్రాళ్ళు,
కొప్పులో లేసు సూది గుచ్చుకున్న ఒకావిడ.
చివరిదాకా నిలబడింది ఆవిడే.

స్టేషన్లో పుట్టినరోజు ఫంక్షనని రాసిచ్చేవాడు.
ఒక్క ఏడాదిలో తొమ్మిదిసార్లు పుట్టాడు.
తొమ్మిదోసారి ఎస్సైగారే కేకు తెచ్చారు,
నవ్వుతూనే అడిగారు,
ఆ చెరువు పాట రాసిందెవడ్రా అని.

చెరువు పాట రెండు నిమిషాలు కూడా ఉండదు.
మంచినీళ్ళ చెరువు ఉప్పెక్కిన సంగతి,
డబ్బా ఇరవై పెట్టి కొన్న సంగతి,
రాత్రిపూట రొయ్యల నీళ్ళు వదిలినవాడి
ఇంటిపేరుతో సహా.
ఇంటిపేరు తీసెయ్యమన్నారు ఐసు ఓనరుగారు.
అది ఆయన బావమరిదిది.
పాదం నిజంగానే ఆలోచించాడు, వారం రోజులు.
ఇరవై ఇళ్ళ జీతాలు ఆ ఐసులోంచే వస్తాయి,
తనదీ అందులోదే.
ఆదివారం, ఇంటిపేరు వచ్చే చోట
చెయ్యి తీగలమీద పెట్టి ఊరుకున్నాడు.
జనం అరిచారు దాన్ని.

సోమవారం తాళం మారింది.

తర్వాత కొబ్బరిపీచు గొడౌను,
మూతబడ్డ సినిమా హాలు సైకిల్ స్టాండు,
ఒకసారి వశిష్ఠ పాయలో ఇసుక పడవ.
ఆ రాత్రి సప్లయిర్స్ వాళ్ళ ఆంప్లిఫయరు నీళ్ళపాలైంది,
ఇంకా వాయిదాలు కడుతూనే ఉన్నాం.
వాయించేది ఇరవై నిమిషాలు.
మిగతాదంతా కుర్చీలు, బతిమాలడం, టీ గ్లాసులు కడగడం,
తాగొచ్చినవాణ్ణి ఆటో ఎక్కించడం,
ఆడపిల్లలమీద చెయ్యి వేసినవాణ్ణి
పాట మధ్యలో ఆపి, పేరు పెట్టి పిలిచి
బయటికి పంపడం.
అదీ వాయింపే అనేవాడు.

ముందు ఎడమ చెవి పోయింది.
అప్పట్నుంచి అందరం కుడివైపు కూర్చుంటాం.
ఇప్పుడు పాలకొల్లులో బ్యాటరీల కొట్టు.
గిటారు గోడకి లేదు, ఎవరికిచ్చాడో చెప్పడు.
మొన్న వెళ్తే పుస్తకం నా చేతిలో పెట్టి
"జ్ఞానసుందరికి ఇచ్చెయ్" అన్నాడు.
ఎవరని అడిగాను.
"లేసావిడ. సూది అని బ్యాండు పెట్టిందంట,
షెడ్డు దొరకట్లేదంట.
ఎవరిని బతిమాలాలో అందులో ఉంది."

బస్సులో తిరగేశాను.
ఆఖరి పేజీలో అతని గుండ్రటి అక్షరాలు:
లోటు రెండొందల పన్నెండు, పాదం ఇవ్వాలి.
ఎవరికివ్వాలో రాయలేదు.
జేబులు తడుముకున్నాను.
టికెట్టు పోను నూట ఎనభై ఉన్నాయి.