మైసయ్య తరఫున

ఇంజను మొత్తం విప్పి మళ్ళీ కట్టాక
మొదటిసారి పైకి లేపేటప్పుడు
కట్టినవాడూ ఎక్కాలంటారు.
రాసిపెట్టిన రూలు కాదు, పాత మర్యాద.

మైసయ్య ఎక్కడు.
ఇరవై రెండేళ్ళుగా నాదర్‌గుల్ హ్యాంగర్లో
రెక్కల కింద వెల్లకిలా పడుకుని
నట్లు బిగిస్తున్న మనిషి
ఒక్కసారీ నేల విడిచింది లేదు.
"నాకు పడది మేడం" అంటాడు,
వంకాయ కూర గురించి అన్నట్టు.

ఈసారి మాత్రం ఊరికే తప్పుకోలేదు.
పాత టైరులో పుట్టిన నలుగురిలో చివరిదాన్ని,
ఒక చెవి నిలబడి
ఇంకో చెవి ఇంకా ఆలోచిస్తున్నదాన్ని
తువ్వాల్లో చుట్టి నా చేతుల్లో పెట్టాడు.
"నా దిక్కెల్లి ఇది వస్తది."

తూకం కాగితంలో రాయాలి కదా.
క్యాంటీన్ త్రాసులో కూర్చోబెడితే
తోక ఆగితేగా ముల్లు ఆగడానికి.
రెండు కిలోల మూడొందలు, అటూ ఇటూగా.
పేరు గడిలో ఏం రాయాలో తోచక
"మైసయ్య తరఫున" అని రాశాను.

పక్క సీటు బెల్టుకి బుట్ట కట్టి
చెవుల్లో దూది పెట్టాను.
ఇంజను అందుకోగానే అరుస్తుందనుకుంటే
ముక్కు తువ్వాల్లో దూర్చి పడుకుంది.
వాళ్ళమ్మ పొట్ట కూడా
ఇలాగే గురగురలాడేదేమో.

విమానంలో ఎందరని
శంషాబాద్ గొంతు అడిగింది.
"ఇద్దరం" అని వచ్చేసింది నోట్లోంచి.
అబద్ధమాడానా
అని రన్‌వే సగం దాకా ఆలోచించాను,
తర్వాత చక్రాలు తేలికయ్యాయి.

దాని కోసమే మెల్లగా ఎక్కాను,
మోకాళ్ళ నొప్పులమ్మ మేడ ఎక్కినట్టు.
రెండువేల అడుగుల దగ్గర నిద్ర లేచింది.
ఒంటి చేత్తో ఎత్తి అద్దానికి ఆనించాను.
చూడవే,
అది ఇబ్రహీంపట్నం చెరువు.
అది రింగురోడ్డు, నగరానికి కొలత తీసి
టేపు చుట్టడం ఎవరో మర్చిపోయారు.
ఆ తెల్లరాళ్ళ వరసలు వెంచర్లు,
విత్తారు గానీ ఇంకా మొలవలేదు.
వాయవ్యంలో ఆ పొగమంచు కింద
సగం లేచిన టవర్లు, వాటి మీద క్రేన్లు.

పదిహేడేళ్ళప్పుడు మొదటిసారి
ఇదంతా ఇక్కణ్ణించి చూసి నేను ఏడ్చాను.
అది నా వాచీ బెల్టు కొరికింది.

కోపం రాలేదు.
కళ్ళు తెరిచి ఇంకా నెల కాలేదు దానికి.
గిన్నెని మొన్న కనిపెట్టింది,
చీపురుని నిన్న.
నేలే పాతబడనిదానికి
ఆకాశం చూసి విడిగా
నోరు తెరవాల్సిన పనేముంది?

పరీక్ష కోసం ఒక మాగ్నెటో ఆపాను.
ఇంజను చిన్నగా దగ్గి సర్దుకుంది.
నిలబడిన చెవి అటు తిరిగింది,
తల వాలింది, విన్నది, మళ్ళీ పడుకుంది.
మైసయ్యా, నీ మనిషి డ్యూటీలోనే ఉంది.

దిగేటప్పుడు చెవులు దిబ్బళ్ళు వేస్తాయి.
మింగుతూ ఉంటే తెరుచుకుంటాయి.
పాలలో నాన్చిన ఉస్మానియా బిస్కెట్
రెండొందల అడుగులకో ముక్క చొప్పున
పెడుతూ దిగాను.
లెక్క తప్పి డబ్బా ముందే ఖాళీ అయితే
మిగిలిన నాలుగొందలూ నా వేలు నాకింది.
ఆ సంబరంలోనే కాబోలు
నా మ్యాపు మీద, చౌటుప్పల్ పక్కన,
ఏ సర్వేలోనూ లేని చెరువొకటి వెలిసింది.

ప్రొపెల్లర్ ఆగాక తలుపు తీసి
రెక్క మీద నిలబెట్టాను.
అంత ఎత్తునుంచి దిగొచ్చిన కుక్కపిల్ల
రెక్కకీ నేలకీ మధ్య ఉన్న రెండడుగులు చూసి
గజగజ వణికింది,
వెనక్కి నడిచింది, కూర్చుంది, మూలిగింది.

మైసయ్య నవ్వలేదు.
అట్లనే ఉంటది బిడ్డా, అని
గ్రీజు చేతులు చాచి అందుకున్నాడు.
ఇంజను వైపు చూడనైనా లేదు,
ముందు దాని నెత్తి మీద ముక్కు పెట్టి
గట్టిగా వాసన పీల్చాడు,
పెట్రోలు లీకేమో వెతికినట్టు.

"మంచిగున్నది" అన్నాడు.
దేని గురించో నేను అడగలేదు.