శూన్యాంశ దోషం

పీణ్య రెండో స్టేజి, పదకొండో క్రాసు.
గేటుకి కట్టిన రేకు మీద
'కెలసక్కె బేకాగిద్దారె' అని పుట్టస్వామి చేత రాయించాను,
కింద నా ఫోన్ నంబరు.
చివరి సున్నా మొన్నటి వానకి కారిపోయింది.
సగం మంది ఇంకెవరికో చేసి ఉంటారు.

మాది పద్నాలుగు మంది షాపు.
ఓనరూ నేనే, హెచ్చారూ నేనే,
డీజిల్ అయిపోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తేదీ నేనే.
ఇంటర్వ్యూ గదంటే స్టోరు మూల.
కూలెంట్ డ్రమ్ముకీ తుప్పు బీరువాకీ మధ్య
క్యాంటీన్ నుంచి తెచ్చిన రెండు కుర్చీలు.
ఒకటి కుంటిది, దాంట్లో నేనే కూచుంటాను.
వచ్చినవాళ్ళు ముందే వణుకుతుంటారు కదా అని.

పొద్దున్నించీ ఐదుగురు.
ఒకడి బయోడేటాలో తండ్రి పేరు ఇంకెవరిదో;
జిరాక్సు షాపువాడు మార్చడం మరిచాడట.
ఒకడు మా బావమరిది సిఫారసు,
కాగితం కంటే ముందు నవ్వు చాచాడు.
యతిరాజుకి మాత్రం పని వచ్చు, చేతులు చూస్తేనే తెలుస్తుంది.
కానీ మూడేళ్ళలో ఏడు కంపెనీలు.
ఎందుకు మానావయ్యా అంటే
'అన్నిచోట్లా తమ్ముడూ అన్నారు సార్,
జీతం రోజున తప్ప' అన్నాడు.
పేరు కొట్టేశాను.
నేనూ అందర్నీ తమ్ముడూ అనే పిలుస్తాను.

ఆరో మనిషి గంగరత్న.
బాగేపల్లిలో తెల్లారి బస్సెక్కింది. ఐటీఐ, ఫిట్టరు.
కుర్చీ అంచున కూచుని, చూపు మాత్రం
నా వెనక తిరుగుతున్న లేతు మీద పెట్టింది.

నా పరీక్ష ఒక్కటే, పదమూడేళ్ళుగా అదే.
ఎర్ర డబ్బాలోంచి, అంటే మేం పనికిరాదని పారేసినవాటిలోంచి
పన్నెండు మిల్లీమీటర్ల పిన్ను ఒకటి తీసి
మైక్రోమీటరిచ్చి, 'కొలిచి చెప్పు' అంటాను.
ఐదుగురూ బిగించారు, చెప్పారు:
రెండు గీతలు ఎక్కువుంది సార్.
ఐదుసార్లూ తలూపాను.

ఆమె పిన్నుని పక్కన పెట్టింది.
మైక్రోమీటర్ మూతి చున్నీ కొసతో తుడిచింది,
ఖాళీగానే మూసింది, టిక్కుటిక్కుమనే దాకా,
కిటికీ వెలుతురికెత్తి ఒక కన్ను మూసింది.
'పిన్నుకేం సార్, పన్నెండుకి పన్నెండు.
మీ కొలతే రెండు గీతలు ఎక్కువ చూపిస్తోంది.'

పుట్టస్వామి దగ్గాడు.
కంప్రెసర్ ఆగింది. దాని టైముకే ఆగింది గానీ
నా కోసం ఆగినట్టనిపించింది.

ఎన్నాళ్ళ నుంచి?
హోసూరువాళ్ళు తిప్పి పంపిన నాలుగు పెట్టెలకి
నైట్ షిఫ్టులో కునుకు తీశావని
మాదేశకి రెండు రోజుల జీతం కోశానే.
ఇంటర్లో స్క్రూగేజి పాఠం:
శూన్యాంశ దోషం ధనాత్మకమైతే తీసెయ్యాలి అని
మదనపల్లిలో మా మాస్టారు బల్ల గుద్ది చెప్తే
మార్కుల కోసమనుకున్నాను.

'రేపే చేరు' అన్నాను.
ఆమె తొందరపడలేదు.
ఎంతిస్తారు? పదిహేడు.
హాస్టలుకే ఏడు పోతుంది సార్.
ఓవర్‌టైము? చూద్దాం.
ఇంతకుముందు ఈ పని చేసినామె ఎందుకు మానింది?
చేసినవాళ్ళంతా మగవాళ్ళే.
అలాగా. మరి ఆడవాళ్ళకి బాత్రూం ఎటువైపు?
పక్క ప్రింటింగ్ ప్రెస్సు వైపు చూపించిన నా వేలు
గాలిలోనే కాసేపు ఉండిపోయింది.

ఆలోచించి చెప్తానంది.
నేను అందరితో అనే మాటే, అదే గొంతు.
బొమ్మసంద్రలో పెద్ద కంపెనీలో చేరిందని
పది రోజుల తర్వాత తెలిసింది.

మాదేశకి కవరులో రెండు రోజుల డబ్బు పెట్టిచ్చాను.
లెక్కపెట్టుకుని, 'ఇదేంటి సార్?' అన్నాడు.
తప్పు నాదని నోటిదాకా వచ్చింది.
బోనస్సన్నాను.

రాత్రి షట్టర్ దించాక
కొట్టేసిన గీత కింద ఇంకా కనిపిస్తున్న నంబరు వెతికి
ఫోన్ చేశాను.
తమ్ముడూ అని మొదలుపెట్టబోయి,
ఆగి,
'యతిరాజుగారేనా?' అన్నాను.