పాడైన కాపీలు

సోంపేట అని బోర్డున్న రైల్వేస్టేషను
కంచిలిలో ఉంటుంది.
చిరునామాల సంగతి మా దగ్గర
మొదట్నించీ అంతే.

ఆ స్టేషను రోడ్డులోనే నా జిరాక్సు కొట్టు.
పేజీ రెండు రూపాయలు.
ఫోటో తీయించుకుంటే చొక్కా ఉచితం.

మొన్న బుధవారం విశాఖపట్నం నించి ఒకాయన
మెడలో కార్డు, చేతిలో చెమటకి మెత్తబడ్డ ఫైలు,
"మలేషియాలో కాగితాల్లేకుండా
మనవాళ్లు ఎంతమంది ఉంటారండీ?" అన్నాడు
బస్తాలో జీడిపిక్కలెన్నని అడిగినట్టు.

లెక్క ఎలా కడతారో ఆయనే చెప్పాడు.
ఆ దేశంలో ఉన్న పరాయివాళ్లందర్నీ వేసుకుని
అనుమతులున్నవాళ్లని తీసేయాలట.
తీసివేతలో అడుగున మిగిలేది
మనవాళ్లు.
"మరి పైనున్న అంకె ఎవరు చెప్పారు?"
"అదీ అంచనాయే" అన్నాడు, టీ ఊదుకుంటూ.
ఒకరు ఇంతంటే
ఇంకొకరు దానికి మూడింతలంటారట.
ఆ తేడాలో మా సోంపేటలెన్ని పడతాయో.

ఇంకో పద్ధతి చేపలది.
వంద పట్టి, గుర్తు పెట్టి, నీళ్లలో వదిలేసి
మళ్లీ వల వేసినప్పుడు
గుర్తున్నవి ఎన్నొచ్చాయో చూస్తారు.
ఆధార్ కాపీకి వచ్చిన బారువ కోదండం
అంతసేపూ వింటూ నిలబడి
"ఒకపాలి వల్లో పడి బతికిన సేప
మరి వల దరికొస్తాదేటి బావూ?" అన్నాడు.
ఆయన ఆ మాట రాసుకున్నాడు.
రాసుకున్నాక ఏం చెయ్యాలో తోచనట్టు
పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టాడు.

నా దగ్గరా ఒక లెక్కుంది. చెప్పలేదు.

ఏజెంటు పంపితే వస్తారు కుర్రాళ్లు,
వెల్డింగు మంటకి కళ్లు ఎర్రబడి
విజిట్ వీసాకి నాలుగు సెట్లు కావాలంటూ.
మేకుకి వేలాడే తెల్లచొక్కా తొడుక్కుని
ఊపిరి బిగబట్టి ఫోటో దిగుతారు.
ఎంతమంది దిగారో కాలరు మురికికి తెలుసు.
మనిషి దాటాడో లేదో గానీ
ఆ చొక్కా మాత్రం
లెక్కలేనన్నిసార్లు దేశం దాటింది.

రెన్యువల్‌కి తిరిగొచ్చినవాడికి
నోటుపుస్తకంలో టిక్కు పెడతాను.
టిక్కు లేనివాడు పోయాడో,
హైదరాబాదులోనే దిగిపోయాడో,
పామాయిల్ తోటల్లో పగలు పడుకుని
రాత్రి లేస్తున్నాడో.

నల్లబడ్డవీ వంకరపోయినవీ పారేయను.
నాలుగు ముక్కలు కోసి, పిన్ను కొట్టి
వెనకవైపు టీ బాకీలు రాస్తాను.

నిన్న రాత్రి షట్టరు సగం దించాక
లోలాక్షి వంగి లోపలికొచ్చింది.
"అన్నియ్యా, మా ఆయన పాస్‌పోటు
కంపినీవోడు లాగీసుకున్నాడు.
నంబరు సెప్తే ఔటుపాసు ఇస్తారట.
ఇంట్లోది తిత్లీకి ట్రంకుపెట్టిలోనే
నానిపోనాది."

ఇసురు ఢిల్లేసు.
టిక్కు లేని పేరే.

కట్టలన్నీ విప్పి
బల్ల మీద పేకముక్కల్లా పరిచాం.
ఒకడి నుదురు. ఒకడి తండ్రి పేరులో సగం.
ఒకడి పుట్టిన ఊరు, ఊరొక్కటే.
నా చొక్కా కాలరు, మళ్లీ, మళ్లీ.
ఫ్యాను ఆపేశాను, ఎగిరిపోతారని.

పదకొండు దాటాక
లోలాక్షి ఒక ముక్క మీద వేలు పెట్టింది.
అందులో మొహం లేదు, చెవి ఉంది.
"ఈ సెవి మా ఆయనదే" అంది,
ఇక అడగనక్కర్లేనట్టు.

కింద నంబరు.
ఒక అక్షరం, అయిదంకెలు.
చివరి రెండూ నా కత్తెర దారిలో పోయాయి.
తిప్పి చూస్తే నా చేతిరాతే:
రెండు టీలు, ఒక సమోసా, బాకీ.

రెండంకెలంటే వంద నంబర్లు.
వందలో ఒకటి మనిషి.
విశాఖపట్నం ఆయనైతే దీన్ని
చాలా మంచి అంచనా అంటాడు.

లోలాక్షి తెల్లకాగితం అడిగింది.
రెండువైపులా తెల్లగా ఉన్నది
వెతికి ఇచ్చాను.
"సున్నా సున్నా" అన్నాను.
రాసింది.
"సున్నా ఒకటి."