గోడదాకా తీగే

తీగ లేని చార్జరంటే
జగదీష్ మార్కెట్ల పదమూడు వందలు పోసి తెచ్చిన.
తెల్లగ, గుండ్రంగ, పళ్లెం లెక్క ఉన్నది.
ఫోను మీద పండబెడితే చాలన్నడు ఖలీలు.
ఇంటికొచ్చి విప్పితే
పళ్లేనికి మూరెడు తోక,
తోకకు మళ్ల గోడ కావాలె.
అర ఇంచు జరిగితే నింపదట.
రాత్రంత పక్కల పొర్లే పిల్లగాన్ని సదిరినట్టు
దాన్ని సదురుడే సరిపోయింది.
పొద్దుగాల లేస్తే పన్నెండు శాతం.

ముషీరాబాద్ల జాకెట్లు కుడత నేను.
దారం లేని కుట్టు ఎక్కడా చూడలే.
గందుకే కావచ్చు
వైర్‌లెస్ అన్న మాట ఇనంగనే
గుండీ లేని కాజా యాదికొస్తది.

ఇగ వేలిముద్ర సంగతి.
సూది పోట్లకు నా బొటనవేలి గీతలెప్పుడో అరిగినయ్.
మళ్లొకసారి పెట్టుమంటది ఫోను.
రేషన్ దుకాణపోడు సుత ఏండ్ల నుంచి గదే మాట.
సరే, మొకం చూపెడదామంటే
నోట్లె గుండుసూదులుంటే గుర్తువట్టదు.
అన్ని తీసి పక్కన పెట్టినంక
ఓహో నువ్వేనా అన్నట్టు తెరుచుకుంటది.
మా ఆయనదీ గదే తీరు,
పని బందుజేస్తే గాని నా దిక్కు చూడడు.

పైసలొస్తే ఒర్రే డబ్బా ఒకటి పెట్టిన్రు.
"మూడు వందల యాభై రూపాయలు స్వీకరించబడినవి."
గా తెలుగు మా గల్లీల ఎవ్వరు మాట్లాడరు,
అయినా అందరికీ సమజైతది.
లైనింగ్ జాకెట్‌కు నేనెంత తీసుకుంటున్ననో
ఎదురుంగ ఇస్త్రీ చేసే భూమయ్యకు నోటికొచ్చు.

చెవులల్ల పెట్టుకునేటియి కొన్న, జత.
ఒకటి మెట్రో మెట్ల మీద జారి
ఎవరి కాళ్ల సందుల పోయిందో.
ఉన్నదానితోటి ఒక చెవిల పాట,
రెండో చెవిల మిషిను సప్పుడు.
దీని మీద మాత్రం నాకేం ఫిర్యాదు లేదు.

పోయిన శ్రావణంల, పెండ్లిళ్ల గిరాకి మీదున్నప్పుడే,
కరెంటు స్తంభాల మీద జడలు గట్టిన నల్ల తీగలన్ని
కత్తిరించి రోడ్డు మీద కుప్పబోసిన్రు.
గల్లీల ఆకాశం ఇంత వెడల్పుంటదని
గప్పుడే చూసిన.
గాలిల వస్తదనుకున్న వైఫై
గా కుప్పలకెంచే వచ్చేదని సుత గప్పుడే తెలిసింది.

మెట్ల కింది దుకాణం నాది, సిగ్నలు ఒక్క గీత.
పెండ్లిపిల్ల పంపిన డిజైను
చేతుల దాక దిగి ఆగింది.
వీపు రాలే. తెల్ల సున్న తిరుగుతనే ఉన్నది.

బోడుప్పల్ కెంచి ఆ పిల్లనే వచ్చింది, పేరు మౌక్తిక.
తన ఫోన్ల చూపెడదామంటే అది దారిలనే సచ్చింది.
ఆమె తీగ వేరు, నా తీగ వేరు.
పళ్లెం మీద పండబెట్టినం.
అర్ధగంటకు మూడు శాతం.

గంతసేపు ఏం జేస్తం?
చాయ్ తెప్పిచ్చిన. అత్తగారి కొలతలు సుత చెప్పింది, నవ్వుకుంట.
నా సుద్దముక్క తీసుకొని
అస్తరు గుడ్డ మీద నెమలిని గీసింది.
బాతు అయింది.
మెడ జర పొడుగు చేసిన నేను.
కొంగ అయింది.

ఫోను లేచినంక అసలు డిజైను చూసినం.
వీపు మీద ఏ పిట్టా లేదు, ఉత్త డోరీలే.
ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నం.
"కొంగనే కుట్టు ఆంటీ" అన్నది.

నాలుగో దినం మళ్ల తీగలు కట్టిన్రు,
ఎనుకటి కంటె కిందికే.
చార్జరు వాపసు ఇద్దామని బిల్లు ఎతికిన.
దొరికింది, గల్లపెట్టె అడుగున.
ఎనక నా రాతనే:
ఛాతీ ముప్పై నాలుగు, చెయ్యి తొమ్మిది,
వీపుకు కొంగ, ముక్కు ఎర్రదారం.
ఇగ వాపసు ఎట్లిస్త.